నిమిషానికి నూటనలభై

మార్చి 3, సోమవారం

ఇది మందుల కంపెనీ ఆయన జనవరిలో ఇచ్చి పోయిన డైరీ. ప్రతి పేజీ అడుగున ఐరన్ మాత్రల బొమ్మ ఉంది. ఆరోగ్య సబ్ సెంటర్‌లో నేను రాసే రిజిస్టర్లు పదమూడు, ఇది పద్నాలుగోది. దీన్ని ఎవరూ తనిఖీ చేయరు కాబట్టి ఇందులో నిజం రాసుకోవచ్చు.

నిజం ఏమిటంటే నాకు సరిగా వినపడటం లేదు.

రాసేశాను. రాస్తే ఏదో అయిపోతుందని రెండు నెలలుగా భయపడ్డాను. ఏమీ కాలేదు. మధ్యాహ్నం రెండయింది, నెత్తిమీద ఫ్యాన్ తిరుగుతోంది, టీకాల డబ్బా టీకాల డబ్బాలాగే ఉంది.

ఇవాళ గర్భిణుల రోజు. ఐదుగురు వచ్చారు. కడుపులో బిడ్డ గుండె వినిపించే డాప్లర్ మిషన్ బాగుకు పోయి నాలుగు నెలలైంది. అందుకని పాత గొట్టమే గతి. పొట్టకు ఆనించి, చెవి పెట్టి, గడియారం చూస్తూ లెక్కపెట్టాలి. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పనే. టేకులపల్లి చుట్టుపక్కల తండాల్లో నా చెవిన పడకుండా పుట్టిన పిల్లలు తక్కువ. ఇవాళ ఐదుగురిలో ఒక్క గుండె కూడా వినపడలేదు. ఐదుగురి కార్డుల మీదా 140 అని రాశాను.

నూటపది నుంచి నూటఅరవై దాకా మంచి గుండె. నూటనలభై అంటే ఎవరికీ అనుమానం రాదు.

వినపడనప్పుడు నేను "మంచిది" అంటాను. ఎదుటివాళ్ళ పెదవులు కనిపిస్తే సగం అర్థమవుతుంది. ముఖం పక్కకు తిప్పారా, ఇక "మంచిది, మంచిది" అని తలూపడమే. పదికి తొమ్మిదిసార్లు అది సరిపోతుంది. లోకంలో జనం చెప్పేవాటికి చాలావరకు ఆ జవాబే కావాలి.

ఆశ వర్కర్ కవిత వెళ్తూ వెళ్తూ నా ముందుకొచ్చి, "ఈ ఫ్యాన్ లొల్లికి నా తలకాయ పలుగుతుంది సిస్టర్, నువ్వెట్ల కూసుంటవో ఏమో" అంది. కవితకు ఎండకూ తలనొప్పే, వానకూ తలనొప్పే.

ఫిబ్రవరి సంగతి ఇందులో రాయను. దానికీ దీనికీ సంబంధం లేదు.

మార్చి 4

సంబంధం లేదు. కారణం తెలియదని పెద్ద దవాఖానా వాళ్ళే కాగితం మీద రాసిచ్చారు.

మార్చి 6, గురువారం

నేలకొండపల్లి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మ పాలు పొంగిపోయి గిన్నె మాడేదాకా పక్కనే కూర్చుని బియ్యం ఏరుతోందట. మా అమ్మ రాఘవమ్మకు యాభై నిండకముందే చెవులు పోయాయి. ఇంట్లో మేమందరం ఎంత నవ్వేవాళ్ళమో. పిలిచి పిలిచి విసిగి "చెవిటి మాలోకం" అనేవాళ్ళం. ఆమె మా ముఖాలు చూసి తనూ నవ్వేది. ఎందుకు నవ్వుతున్నామో తెలియకుండానే నవ్వేదని ఇప్పుడు తెలుస్తోంది.

నాకు నలభై ఏడు.

ఇంట్లో ఎవరూ పసిగట్టలేదు. మా ఆయన ఓపెన్ కాస్ట్ బొగ్గుగనిలో డంపర్ నడుపుతాడు, ఆ మోతకు అలవాటుపడి ఇంట్లో ఉప్పు అడిగినా అరిచే అడుగుతాడు. ఆయన మాటలన్నీ నాకు శుభ్రంగా వినపడతాయి. సంసారం బాగుందని అందుకే అనుకుంటూ వచ్చాను. బీపీకి అంకెలు చూపించే మిషన్ ఉంది, అది నా పరువు కాపాడింది. గుండె చప్పుడుకే దొరికిపోతాను.

మా పీహెచ్‌సీ డాక్టరమ్మకు చెబితే? చెవులు లేని ఏఎన్ఎంను ఏం చేస్తారు? జిల్లా ఆఫీసులో ఒక మూల కూర్చోబెట్టి కాగితాలకు పంచ్ కొట్టిస్తారు. జనం "పాపం" అంటారు. ఆ మాట మాత్రం పెదవులు చూసి కూడా పోల్చుకోగలను.

మార్చి 8, శనివారం

కొత్తగూడెంలో ట్రైనింగ్. రక్తహీనత మీద మాట్లాడిన ఆయన చొక్కాకు చిన్న మైకు తగిలించుకున్నాడు, పిన్నీసంత ఉంది. నేను చివరి వరసలో కూర్చున్నాను. ఆయన గొంతు సవరించుకుంటే వినపడింది. చెయ్యి చొక్కాకు తగిలితే ఆ గరగర వినపడింది. ఒక మనిషి దగ్గు ఇంత పూర్తిగా విని ఎన్నాళ్ళయిందో. రక్తహీనత గురించి ఏం చెప్పాడో గుర్తు లేదు. ఆ మైకునే చూస్తూ కూర్చున్నాను.

చొక్కాకు తగిలించేదాన్ని పొట్టకు తగిలిస్తే?

మార్చి 9, ఆదివారం

టేకులపల్లి సెంటర్‌లో చందర్ మొబైల్ షాపుకు వెళ్ళాను. కాలరుకు పెట్టుకునే మైకు కావాలన్నాను.

"వీడియోలు చేస్తున్నరా మేడం?"

"అవ్, ఆరోగ్యం గురించి."

"మంచిగ చేయున్రి. మా ఇంటామె గూడ చూస్తది."

అబద్ధం ఎంత తేలిగ్గా వస్తుందో. నా ఫోన్ మైకు పిన్ను తీసుకోదట. చార్జింగ్ పెట్టే చోట ఒక చిన్న ముక్క గుచ్చి, దానికి మైకు గుచ్చాడు. సెట్టింగుల్లోకి పోయి ఓటీజీ అని ఒకటి ఆన్ చేశాడు. ఆ తరువాత తల వంచుకొని ఫోన్‌లోకి చూస్తూ ఇంకా ఏదో చాలాసేపు చెప్పాడు. మధ్యలో మైకును గోటితో గీకి చూపించాడు. తెర మీద గీత లేచింది.

మంచిది అన్నాను.

ఇంటికొచ్చి పాత స్టెతస్కోపు గొట్టం కోసి, అందులోకి మైకు దూర్చి, చుట్టూ ప్లాస్టర్ వేశాను. వెంటనే నా గుండెకే ఆనించి ఒక నిమిషం రికార్డు చేశాను. ఫోన్ సౌండు మొత్తం పెంచి చెవికి ఆనించుకొని విన్నాను. ఎనభై ఎనిమిది. చెవితో లెక్కపెట్టాల్సిన పని కూడా లేదు, తెర మీద ఒక్కో దెబ్బకు ఒక్కో గీత లేస్తుంది. కళ్ళతో లెక్కపెట్టుకోవచ్చు. కళ్ళు నాకు దివ్యంగా ఉన్నాయి.

వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. మా ఆయన "ఏమైందే" అని అరిచాడు. ఉల్లిగడ్డలన్నాను.

మార్చి 10, సోమవారం

మొదట సోనిని పడుకోబెట్టాను. ఇరవై ఏళ్ళ పిల్ల, తొలి చూలు, ఎనిమిదో నెల. భర్త హరిలాల్ మణుగూరులో టిప్పర్ నడుపుతాడు, నెలకోసారి తండాకు వస్తాడు. అత్త గోరి పక్కన నిలబడింది.

గొట్టం పొట్టకు ఆనించి, ఫోన్ బల్ల మీద పెట్టి నొక్కాను. గీతలు లేచాయి. ఒకదాని వెనక ఒకటి, సమంగా, తెంపు లేకుండా. ఒక నిమిషం. లెక్కపెడితే నూటనలభై.

మళ్ళీ తీశాను. నూటనలభై.

మిగతా నలుగురికీ తీశాను. అందరివీ నూటనలభైకి ఒకటి అటు ఒకటి ఇటు. అంటే పోయిన వారం నేను రాసింది తప్పేమీ కాదన్న మాట. చెవికి వినపడకపోయినా చెయ్యి సరిగ్గానే రాసింది. ఇరవై రెండేళ్ళ అనుభవం ఊరికే పోదు.

గోరి తనకూ వినిపించమంది. ఫోన్ సౌండు పెంచి పెట్టాను. టక్ టక్ టక్ టక్. ఆమె పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వింది.

"మా పిల్లగాడు గుర్రమెక్కి వస్తున్నడు సిస్టరమ్మా" అంది.

కవిత దాన్ని వాట్సాప్‌లో హరిలాల్‌కు పంపింది.

మార్చి 11

హరిలాల్ దాన్ని తన ఫోన్ రింగ్‌టోన్‌గా పెట్టుకున్నాడట. ఎవరు ఫోన్ చేసినా బిడ్డ గుండె కొట్టుకుంటుంది. కవిత చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను, ఎందుకో తెలిసే నవ్వాను.

మార్చి 17, సోమవారం

ఐదుగురు. 140, 140, 139, 140, 140.

మార్చి 21, శుక్రవారం

తండాలో ఇంటింటికీ తిరిగాను. సోనిని వాళ్ళ ఇంట్లోనే మంచం మీద పడుకోబెట్టి మైకు పెట్టాను. ఏమీ రాలేదు. గీత నేలకు అతుక్కున్నట్లు ఉంది. గొట్టం జరిపాను, మళ్ళీ గుచ్చాను, మళ్ళీ చూశాను. గోరి బయట మిరపకాయలు ఎండబోస్తోంది.

"ఏమైంది సిస్టర్?" అని సోని తలెత్తి అడిగింది.

"వైరు లూజైంది. సోమవారం సెంటర్‌కు రా."

వైరే. దుమ్ములో, బండి డిక్కీలో వేసి తిప్పితే లూజ్ కాక ఏమవుతుంది.

మార్చి 24, సోమవారం

వైరే. సెంటర్‌లో చక్కగా పనిచేసింది. సోని 140. నూటముప్పై తొమ్మిది కాదు, నూటనలభై ఒకటి కాదు. మూడు వారాలుగా అదే అంకె. ఇంత క్రమశిక్షణ గల బిడ్డను నేను చూడలేదు, పుట్టగానే పోలీసు ఉద్యోగం ఇవ్వవచ్చు.

సరదాగానే రాశాను. రాసిన తరువాత ఎందుకో చాలాసేపు పెన్ను పట్టుకొని కూర్చున్నాను.

మార్చి 27

మిర్చి కల్లాల దారిలో తిరుమల కనిపించింది, ఫిబ్రవరిలో కాన్పయిన పిల్ల. నెత్తిన గంప ఉంది. నన్ను చూసి ఆగింది. నేను బండి ఆపలేదు. ఆలస్యమైంది, టీకాల డబ్బాలో ఐసు కరిగిపోతోంది.

డబ్బాలో టీకాలు లేవు.

మార్చి 30, ఉగాది

పచ్చడి చేశాను. చేదు ఎక్కువైంది.

ఏప్రిల్ 3, గురువారం

సోనిని కవిత వెంటబెట్టుకొని వచ్చింది. నాకు ఎదురుగా నిలబడి గట్టిగా చెప్పింది. ఈమధ్య కవిత నాతో గట్టిగానే మాట్లాడుతోంది. ఏమైనా గ్రహించిందా?

"నిన్నటి సంది బిడ్డ తక్కువ తిరుగుతుందట సిస్టర్. ఒకసారి చూడు."

పడుకోబెట్టి మైకు పెట్టాను. నూటనలభై. అమ్మయ్య అనుకున్నాను.

"గుండె గడియారం లెక్క కొట్టుకుంటుంది. ఎడమ పక్కకు తిరిగి పండుకో, ఏమన్న తిను. నెలలు నిండేటప్పుడు లోపల జాగ సరిపోక తక్కువ తిరుగుతరు" అన్నాను.

సోని నవ్వుకుంటూ వెళ్ళింది. కార్డు మీద 140 రాసి సంతకం పెట్టాను.

ఇంటికి వచ్చిన తరువాత అన్నం తినలేదు. అంకె బాగుంటే నాకు భయం ఎందుకు?

ఏప్రిల్ 5, శనివారం

జరిగింది జరిగినట్లు రాస్తాను. కొత్తగూడెం దవాఖానా వరండాలో కూర్చుని రాస్తున్నాను.

మధ్యాహ్నం పన్నెండున్నరకు సోని, గోరి మళ్ళీ వచ్చారు. పొద్దుటి నుంచి రెండేసార్లు కదిలిందంది. బల్ల మీద పడుకోబెట్టి మైకు పెట్టి నొక్కాను. గీతలు వచ్చాయి, ఎప్పటిలాగే. నూటనలభై అని ముందే తెలుసు, అయినా లెక్కపెడుతున్నాను. నలభై దాకా వచ్చాను.

అప్పుడు గీతల మధ్య ఎడం పెరిగింది.

ముందు నా కళ్ళే అనుకున్నాను. ఎడం ఇంకా పెరిగింది. టక్. టక్. ఇంకాసేపటికి ఒకటి. ఆగి, ఆగి, ఇంకొకటి. తరువాత ఒక చిన్న గీత లేచింది. ఆ తరువాత ఏమీ లేదు.

కడుపులో బిడ్డ గుండె ఆగిపోవడం నేను కళ్ళారా చూస్తున్నాను. సోని పైకి చూస్తూ పడుకొని ఉంది, ముక్కు మీద చెమట. ఏమీ తెలియకుండా నన్ను చూసి నవ్వింది. ఆమెను ఎడమ పక్కకు తిప్పాను, పొట్టను అదిమాను, మళ్ళీ గొట్టం పెట్టాను. ఏమీ లేదు. "కవితా, బండికి ఫోన్ చెయ్" అని అరిచాను. దేవుడి పేర్లు ఒక్కటీ గుర్తు రాలేదు. నాకు గుర్తొచ్చింది తిరుమల.

ఎంతసేపో తెలియదు, నాలుగైదు నిమిషాలు ఉంటుందేమో. తెర మీద ఒక గీత లేచింది. ఇంకొకటి. మొదట మెల్లగా, తరువాత జోరుగా, టక్ టక్ టక్ టక్. ప్రాణం పోయిన బిడ్డ మళ్ళీ బతికినట్లు నూటనలభైకి చేరింది.

సోని కొంగుతో ముఖం తుడుచుకొని నా వైపు తిరిగి, "కరెంటొచ్చింది. పాణం లేచొచ్చింది సిస్టర్" అంది.

తలెత్తి చూశాను. ఫ్యాన్ తిరుగుతోంది. రెగ్యులేటర్ రెండో నంబరు దగ్గర ఇరుక్కుపోయి ఏడాదైంది, ఎండాకాలమైనా అదే వేగం. చుట్టు తిరిగినప్పుడల్లా కొక్కెం దగ్గర ఒక్కసారి కదులుతోంది. నేను స్విచ్చు ఆపి, కుర్చీ ఎక్కి, చెయ్యి ఎత్తి కొక్కేన్ని పట్టుకున్నాను. టక్. టక్. అరచేతికి తెలిసింది. ఫ్యాన్ ఆగింది. బల్ల మీద ఫోన్‌లో గీత ఆగింది.

నాలుగు వారాలుగా నేను లెక్కపెట్టింది ఫ్యాన్‌ను.

కవిత కుర్చీ పట్టుకొని నిలబడి ఉంది. ఆమె నా ముఖం చూసింది, ఫోన్ చూసింది, ఫ్యాన్ చూసింది.

"సిస్టర్, అంబులెన్సులు చానా మటుకు భద్రాచలం కళ్యాణం డ్యూటీకి పోయినయట. గంటన్నర పడతదంటున్నరు" అని మాత్రం చెప్పింది.

గోరి మరిది ఆటోలో బయలుదేరాం. దారంతా సోని పొట్ట మీద నా అరచెయ్యి ఉంది. చెయ్యి అబద్ధం చెప్పదు. చెక్ పోస్టు దగ్గర ఒకసారి లోపల ఏదో కదిలినట్లయింది, అది ఆటో గుంతలో పడటం కావచ్చు. కొత్తగూడెం దాకా ఇంకోటి లేదు. ఇరవై రెండేళ్ళలో ఎన్ని వందల పొట్టల మీద పెట్టిన చెయ్యో ఇది. ఇంత భయంతో ఎన్నడూ పెట్టలేదు.

కాన్పుల వార్డులో డ్యూటీ డాక్టరమ్మ కార్డు చూసింది. నా ముఖానికి ఎదురుగా నిలబడే అడిగింది.

"మొన్న గుండె నూటనలభై రాశారు కదా సిస్టర్, అంతా నార్మల్. ఇవాళ ఇంత హడావిడి ఎందుకు?"

అనుమానం వచ్చిందని చెప్పవచ్చు. కదలిక తగ్గిందని చెప్పవచ్చు, అదీ నిజమే. ఉద్యోగం మిగిలేది. ఆ రెండు మాటలూ నాలుక చివర దాకా వచ్చాయి.

"ఆ అంకె నేను వినలేదు మేడం. నాకు చెవులు వినపడవు. అది మా సెంటర్ ఫ్యాన్ చప్పుడు. కార్డు మీద నేను రాసిన అంకెలు ఏవీ నమ్మకండి. మొదటి నుంచి చూడండి."

ఆమెకు సగం కూడా అర్థమై ఉండదు. కానీ కార్డు పక్కన పడేసి డాప్లర్ తీసింది.

మిషన్ మీద అంకెలు ఎర్రగా వెలుగుతాయి. నేను వాటినే చూశాను. కొంతసేపు ఏమీ లేదు. తరువాత 118. 124. 109. 121. ఒక్కచోట నిలవకుండా ఎక్కుతూ దిగుతూ ఉంది. బతికున్న గుండె ఎప్పుడూ ఒక అంకె మీద నిలబడదు. పేషెంటు బల్లల పక్కన ఇరవై రెండేళ్ళు నిలబడిన నాకు ఇది తెలియదా? తెలుసు. నూటనలభై కావాలి కాబట్టి తెలుసుకోలేదు.

సోని తల పక్కకు తిప్పి విన్నది.

"ఇది వేరే తీరుగ ఉన్నదేంది సిస్టర్? మనది టక్ టక్ అంటది గద."

ఆమెకు అప్పుడు చెప్పలేకపోయాను. లోపలికి తీసుకుపోయారు. ఉమ్మనీరు తగ్గిపోయిందట, బిడ్డ అలిసిపోతోందట, వెంటనే ఆపరేషన్. గోరి వేలిముద్ర వేసింది.

ఏప్రిల్ 6, ఆదివారం

ఆడపిల్ల. రెండు కిలోలకు కొంచెం తక్కువ. వెచ్చటి పెట్టెలో పెట్టారు. డాక్టరమ్మ నాకు కనపడేలా, ఒక్కో మాటా విడిగా చెప్పింది, "ఇంకొక్క రోజు ఆగి ఉంటే చెప్పలేం." నిన్న రాత్రి ఆమె నా గురించి పైవాళ్ళకు చెప్పిందో లేదో అడగలేదు.

హరిలాల్ మణుగూరు నుంచి పొద్దున వచ్చాడు. వరండాలో అందరం కూర్చుని ఉండగా అతని జేబులో ఫోన్ మోగింది. పక్కనే కూర్చున్నాను కాబట్టి నాకూ వినపడింది. టక్ టక్ టక్ టక్. ఎదురు బెంచీ మీద ముసలమ్మ నవ్వింది. హరిలాల్ కూడా నవ్వి, ఫోన్ ఎత్తకుండా కాసేపు మోగనిచ్చాడు.

నేను లేచి అతని ముందు నిలబడి చెప్పాను. మైకు సంగతి, ఫ్యాన్ సంగతి, నా చెవుల సంగతి, గోరి వింటుండగా మొత్తం చెప్పాను.

అతను ఫోన్ వైపు చూశాడు.

"మరి నేను నెల రోజుల సంది ఇన్నదేంది సిస్టర్?"

"సెంటర్‌లో ఫ్యాన్, హరిలాల్."

"బండి నడుపుకుంట గూడ ఇన్న. నిద్రొచ్చినప్పుడు పెట్టుకొని ఇన్న."

తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. అతను లేచి కిటికీ దగ్గరకు పోయి నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఏమైనా అన్నాడేమో నాకు తెలియదు. గోరి మాత్రం నా చెయ్యి పట్టుకొని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకోవడం నాకు తిట్టుకన్నా బరువుగా ఉంది.

ఏప్రిల్ 7, సోమవారం

మిగతా నలుగురినీ జీపు మాట్లాడి కొత్తగూడెం తీసుకుపోయి చూపించాను. 132, 147, 128, 151. నలుగురూ బాగున్నారు. అంకెలు నాలుగు రకాలుగా ఉన్నందుకు ఏడుపొచ్చింది.

వస్తూ చందర్ షాపు దగ్గర దిగాను. తల ఎత్తి, నా ముఖం చూస్తూ, ఆ రోజు చెప్పింది మళ్ళీ చెప్పమన్నాను.

"ఆ ఓటీజీ పది నిమిషాలు ఊకుంటే దానంతటదే బంద్ అయితది మేడం. అప్పుడు ఫోన్ మీ మైకును వదిలేసి దాని సొంత మైకుతోని రికార్డ్ చేస్కుంట పోతది, మీకేం చెప్పది. అందుకే రికార్డ్ షురూ చేసే ముంగట మైకును గోటితోని గీకి చూడాలె. గీత లేస్తే మైకు పనిచేస్తున్నట్టు. ఆనాడే చెప్పిన గద."

"నేనేమన్నాను?"

"మంచిది అన్నరు."

ఏప్రిల్ 8, మంగళవారం

మా డాక్టరమ్మకు కాగితం రాసిచ్చాను. నా చెవుల గురించి, మార్చి 3 నుంచి రాసిన అంకెల గురించి రాశాను. ఆమె చదివి కళ్ళద్దాలు తీసింది. చెవుల డాక్టరుకు చీటీ రాసింది, విచారణ ఉంటుందని చెప్పింది, అప్పటిదాకా సెంటర్‌కు వేరే సిస్టర్‌ను పంపుతానంది. ముందే చెప్పి ఉంటే మిషన్ ఇప్పించేదాన్ని కదా అంది. చెవికి పెట్టుకునేదో, పొట్టకు పెట్టేదో నేను అడగలేదు.

కాగితంలో మార్చి 3 నుంచి అని రాశాను. అక్కడ కూడా అబద్ధమే.

ఫిబ్రవరి సంగతి రాస్తాను.

ఫిబ్రవరి 10, సోమవారం. తిరుమల వచ్చింది, తొమ్మిదో నెల. బల్ల మీద పడుకొని గోడ వైపు తిరిగి ఉంది. గొట్టం పెట్టి విన్నాను, వినపడలేదు. 142 అని రాశాను. ఆ రోజు ఇంకా నూటనలభై అలవాటు కాలేదు, అంకెలు మార్చి మార్చి రాసేదాన్ని. ఫిబ్రవరి 12న కాన్పయింది. బిడ్డ కడుపులోనే చనిపోయి రెండు మూడు రోజులైందన్నారు. కారణం తెలియదని రాశారు. నేను రెండు రోజుల ముందు గుండె బాగుందని రాసిన కార్డు వాళ్ళ ముందే ఉంది. ఎవరూ నన్ను అడగలేదు.

నేను కూడా అడగలేదు.

ఏప్రిల్ 10, గురువారం

కల్లం దగ్గరకు వెళ్ళాను. తిరుమల మిరపకాయల్లో తాలుకాయలు ఏరుతోంది. నన్ను చూసి జరిగి, గోనెపట్టా మీద చోటు ఇచ్చింది. కూర్చున్నాను. ఘాటుకు కళ్ళు మండాయి.

చెప్పాను. వినపడలేదని, నూటనలభై రెండు అబద్ధమని, ఇన్నాళ్ళూ ఆమెను చూసి బండి ఆపకుండా పోయానని. ఆమె ఏరడం ఆపలేదు. ఎర్రవి ఒక పక్కకు, తెల్లవి ఒక పక్కకు వేస్తోంది. తల వంచుకొనే ఏదో అంది. పెదవులు కదలడం కనిపించింది, మాట అందలేదు.

నా నోట్లోకి ఆ మాటే వచ్చింది. ఆపుకున్నాను.

"నాకు వినపడలేదు తిరుమలా. నా దిక్కు తిరిగి మళ్ళ చెప్పు."

ఆమె చేతులు ఆగాయి. ముఖం నా వైపు తిప్పింది. చిన్నపిల్లకు చెప్పినట్లు, ఒక్కో మాటా నిదానంగా చెప్పింది.

"ఆనాడు బల్ల మీద పండుకొని చెప్పిన సిస్టర్. రెండొద్దుల సంది కదుల్తలేదు, నాకు భయమైతుందని చెప్పిన. నువ్వు మంచిది అన్నవు."

ఒక్క మాటా పోకుండా విన్నాను.

"మంచిదంటే మంచిదే అనుకున్న" అంది. "ఇంటికి పోయిన."

ఆమె ఇంకా చెప్పింది. ఆ రెండు రోజులూ ఏం తిన్నదో, ఏ పక్కకు పడుకున్నదో, బిడ్డకు ఏ పేరు అనుకున్నారో చెప్పింది. పొద్దు గూకేదాకా చెప్పింది. నేను ఆమె పెదవుల మీంచి చూపు తీయలేదు. ఎక్కడైనా మాట అందకపోతే మళ్ళీ చెప్పమన్నాను, ఆమె మళ్ళీ చెప్పింది. ఒక్కసారి కూడా నేను తలూపలేదు.